నోట్సు యాప్‌ల గుణదోషములు

పాఠములను వ్రాసి దాచుకొనుటకు నేడు పెక్కు యాప్‌లు లభించుచున్నవి. వీనిలో దేనిని ఎన్నుకొనవలెను? వ్రాయుట ఎంత సులభమో చూచి ఎన్నుకొనుట సామాన్యము. కాని వ్రాసినదానిని వెలికి తీయుట ఎంత సులభమో చూచుట అంతకంటె ముఖ్యము.

ఇందుకు ఎవర్‌నోట్ మంచి నిదర్శనము. 2008లో వెలువడిన ఈ యాప్, చిత్రములలోని అక్షరములను సైతము వెదకిపెట్టి పేరు గడించినది. అయితే 2023 డిసెంబరులో, ఉచితముగా వాడుకొనువారికి 50 నోట్సు, ఒక్క నోటుబుక్కు అను పరిమితి వచ్చినది. అంతకు మించి వ్రాసియున్నవారు పాతవానిని చదువుకొనవచ్చును, బయటికి తీసికొనవచ్చును. క్రొత్తవి చేర్చుటకు మాత్రము వీలు లేకపోయినది. గూగుల్ నోట్‌బుక్ అయితే 2012లో పూర్తిగా మూతపడినది.

అట్టి సమయమున వేరొక యాప్‌నకు మారవలసివచ్చును. అప్పుడు కలుగు నష్టమెట్టిది? కంప్యూటరులో అక్షరములు సంఖ్యలుగా నిలిచియుండును. యూనికోడ్‌లో తెలుగు ‘అ’కు సంఖ్య 3077. ఆ సంఖ్యను ఏ యాప్ చదివినను అది ‘అ’యే. కాని పట్టికలను, లంకెలను, చేతివ్రాతను ఒక్కొక్క యాప్ ఒక్కొక్క విధముగా దాచును. ఇల్లు మారువాడు పెట్టెలను తీసికొనిపోగలడు గాని, గోడలోని గూళ్లను తీసికొనిపోలేడు గదా!

2020లో వెలువడిన అబ్సిడియన్ ఈ విషయమున మెచ్చదగినది. ప్రతి నోటును అది సాదా అక్షరముల ఫైలుగా వాడుకరి కంప్యూటరులోనే ఉంచును. ఆ యాప్‌ను తీసివేసినను ఫైళ్లు నిలుచును. వేరొక ప్రోగ్రాముతో తెరచి చదువవచ్చును. అయితే గణిత సూత్రములను సంకేతములతో వ్రాయవలసియుండుట క్రొత్తవారికి కష్టము. కటకముల కిరణచిత్రములను కలముతో గీయుటకు మైక్రోసాఫ్ట్ వన్‌నోట్ ఇంతకంటె అనుకూలము. కాని ఆ పుటలను పి.డి.ఎఫ్.గా వెలికి తీసినచో అవి అచ్చుకాగితముల వంటివగును. చదువుటకే గాని దిద్దుటకు అంతగా పనికిరావు.

కావున సంవత్సరపు పాఠములను ఒక యాప్‌నకు అప్పగించుటకు ముందు చిన్న ప్రయోగము చేయవలెను. ఒక తెలుగు పేరా, ఒక సూత్రము, ఒక చిత్రము, మరియొక నోటునకు లంకె – ఈ నాల్గింటితో ఒక నోటును వ్రాసి, బయటికి తీసి, వేరొక యాప్‌లో తెరువవలెను. ఏవి నిలిచినవో, ఏవి పోయినవో అప్పుడే తెలియును. పోయినవి అవసరమైనవే అయినచో ఆ యాప్‌ను విడుచుట మేలు. అన్నియు నిలిచినచో, క్రొత్త యాప్ వచ్చినప్పుడెల్ల మారుట వ్యర్థశ్రమ. ఆ కాలమును పాఠము చదువుటకు వినియోగించుట ఉత్తమము.