నగదు అక్కడ, అప్పు ఇక్కడ

కృష్ణా డెల్టాలో మాదొక చిన్న టౌను. బైపాస్ రోడ్డు పక్కన మార్టు తెరిచిన దగ్గర్నుంచీ నెల మొదటి ఆదివారం ఊరంతా అటే. ట్రాలీలు తోసేవాళ్లలో సగంమంది తెలిసినవాళ్లే. మేస్టార్లు, బ్యాంకు గుమస్తాలు, కరెంటాఫీసు వాళ్లు. ఇరవయ్యో తారీఖు దాటేసరికి అవే ముఖాలు మా వీధి చివర కిరాణా కొట్టు ముందు కనిపిస్తాయి. "కందిపప్పు అరకిలో, నూనె ప్యాకెట్టొకటి. కాస్త రాసుకోండి." కొట్టాయన రాసుకుంటాడు. మొహం చిట్లించడు, మార్టు ఊసెత్తడు. వాళ్లు వెళ్లాక మాత్రం నాతో అన్నాడు: "జీతమొచ్చిన రోజు అటు, జీతమైపోయిన రోజు ఇటు. నగదు అక్కడ, అప్పు ఇక్కడ. ఇదండీ మన యాపారం."

చిన్న కొట్లను బతికించుకోవాలని రాసేవాళ్లు ఎక్కువగా పాతరోజుల బెంగతో రాస్తారు. నాకా బెంగ లేదు. నా చిన్నప్పుడు కిరాణా కొట్టంటే మా అమ్మ తక్కెడ ముల్లు మీంచి చూపు తిప్పని చోటు. కందిపప్పులో మట్టిబెడ్డలు, మిరియాల్లో బొప్పాయి గింజలు, అరువు సరుక్కి వేరే ధర, అన్నీ మన కొట్లలోనే చూశాం. కొన్నిట్లో ఇప్పటికీ చూస్తున్నాం. మార్టులో ధర రాసి ఉంటుంది, కలెక్టరుకైనా కూలీకైనా ఒకటే. ఎవరింటి కోడలు ఏం కొంటోందో చూసి నాలుగిళ్లకు మోసేవాడు అక్కడ ఉండడు. శానిటరీ ప్యాడ్ల కోసం వచ్చిన ఆడపిల్ల, కొట్లో మగవాళ్లంతా కదిలేదాకా పక్కన నిలబడాల్సిన పని లేదు. ఇదేమీ చిన్న సుఖం కాదు. కాబట్టి 'మన ఊరివాడు' అన్న ఒక్క అర్హత నాకు చాలదు. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర లేని కొట్టు మా ఇంటి పక్కనే ఉన్నా నేను మెట్లెక్కను.

అయినా మా ఇంటి నెల సరుకులు ఈ కొట్టు నుంచే వస్తాయి. దానికి కారణం ఆయన పద్దుపుస్తకం.

సన్నగా పొడుగ్గా, ఎర్రగుడ్డ అట్టతో ఉంటుందది. ఇంటికో పేజీ. పేజీ తలన అసలు పేర్లు తక్కువ. 'గేటుకాడ మేస్త్రి', 'పంపుల వీధి ఆవిడ', 'రెండో టీచరమ్మ' అని ఉంటాయి. తీరిపోయిన లెక్క మీద ఏటవాలుగా ఒక గీత. ఆయన కొడుకు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు ఫోనులో ఖాతా యాప్ ఒకటి వేసి ఇచ్చాడు. బాకీ ఉన్నవాళ్లకు దానంతటదే మెసేజీ పంపుతుంది. కొన్నాళ్లు వాడి మానేశాడు. "మెసేజీ పోయిందంటే మనిషి ఇటు రావడం మానేస్తాడండీ. ఎదురుపడితే కదా ఎంతో కొంత చేతిలో పెట్టేది!"

ఎవరికి ఎంతదాకా రాయొచ్చన్నది మాత్రం పుస్తకంలో ఉండదు. అది ఆయన బుర్రలో ఉంటుంది. ఉద్యోగికి ఒకటో తారీఖు, తాపీ మేస్త్రికి శనివారం. కౌలురైతుకు సార్వా ధాన్యం డబ్బులు పడేదాకా ఒక విడత, ఆ తర్వాత మాగాణి మినుములు అమ్ముడయ్యేదాకా ఇంకో విడత. ఏ ఇంటికి డబ్బు ఎప్పుడొస్తుందో, వచ్చింది ఎటు పోతుందో, ఆ ఇంట్లో తాగేదెవరో, దాచేదెవరో ఆయనకు తెలుసు. ఏ బ్యాంకు స్కోరూ ఇంత దూరం చూడలేదు. చట్టం ప్రకారం అరువు సరుకు బాకీకి మూడేళ్లే గడువు. దాటితే కాలదోషం పడుతుంది. గడువు లోపల బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టిస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఈ సంగతి కొట్టాయనకు నాకంటే బాగా తెలుసు, కానీ వాడడు. పప్పుడబ్బుల కోసం ప్లీడరుకు ఫీజెవరు కడతారు? ఆయన వసూలు దారి వేరు. బాకీదారు ఇంట్లో పెళ్లి కుదిరి, సరుకుల చిట్టా పట్టుకుని పెద్దవాళ్లు వచ్చినప్పుడు, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, ముందు పాత పేజీ తీసి నెమ్మదిగా చదువుతాడు.

2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఊళ్లో చాలా ఇళ్లలో పొయ్యి వెలిగింది ఇలాంటి పుస్తకాల మీదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడూ అంతే. ఆ రెండుసార్లూ మార్టులో కార్డున్న వాడికి ఇబ్బంది లేదు. చేతిలో పని పోయినవాడికి 'రాసుకో' అనే మాట చెల్లే చోటు ఇదొక్కటే.

ఈ కొట్టు ఊరికి బీమా కంపెనీ లాంటిదని నేనంటాను. చిక్కంతా ఏమిటంటే, మనలో చాలామందిమి ప్రీమియం కట్టకుండా క్లెయిము మాత్రం తీసుకుంటున్నాం. అరువిచ్చేవాడికి పెట్టుబడి ఆకాశం నుంచి ఊడిపడదు. నగదు ఇచ్చి కొనే పదిళ్లుంటేనే అరువుకొచ్చే పదిళ్లకు సరుకు పోయగలడు. హోల్‌సేలు వాడు ఈయనకిచ్చే గడువు వారమో పది రోజులో. నగదు ఇళ్లు మార్టుకు మళ్లితే ముందు ఎవరికి అరువు కట్టవుతుంది? మేస్టారికి కాదు, ఆయన జీతం గ్యారంటీ. కట్టయ్యేది గేటుకాడ మేస్త్రి పేజీ. మనం బైపాస్ రోడ్డు మీద మిగుల్చుకున్న నూటయాభై రూపాయల భారం ఎక్కడో మోస్తున్నది అతను. ఈ కాలమ్‌లో నేను చెప్పదలచుకున్నది ఇదే, మిగతాదంతా దానికి వివరణ.

సాయంత్రం ఆరు దాటాక ఆ కొట్టు దగ్గర కాసేపు నిలబడితే ఇంకో సంగతి తెలుస్తుంది. నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్లు, కాళ్లకు బురద ఆరకుండానే, "బాబాయ్, పది రూపాయల నూనె పొయ్యి, అయిదు రూపాయల పసుపు, రెండు గుడ్లు" అంటారు. సీసా వాళ్లదే తెచ్చుకుంటారు. ఆయన కొలతగిన్నె ముంచి, గరాటు పెట్టి, చివరి చుక్క సీసా మూతికి రాయించి మరీ పోస్తాడు. లెక్కేస్తే ఆ నూనె లీటరు ధర మార్టులో అయిదు లీటర్ల డబ్బా ధర కంటే ఎక్కువే పడుతుంది. అదే అన్యాయమని ఒక స్నేహితుడు నాతో వాదించాడు. కానీ రోజుకూలీ చేతిలో ఆ సాయంత్రం ఉన్నది ఆ రోజు డబ్బే. 'రెండు కొంటే ఒకటి ఉచితం' అన్న బోర్డు రెండు కొనగలిగినవాడి కోసం పెట్టింది.

సరుకు తెలిసినతనం ఇంకొకటి. మా వైపు అందరూ తినేది బీపీటీ బియ్యం. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సాంబ మసూరి, 5204 రకం. బస్తా మీద పేరు ఎవరైనా వేసుకోవచ్చు. కొట్టాయన బొంబుతో బస్తా పొడిచి, రాలిన నాలుగు గింజలు పంటి కింద వేసి, కొత్తవో పాతవో చెప్పేస్తాడు. కొత్తవైతే "ఈ నెల ఆగండి, అన్నం ముద్దవుతుంది" అంటాడు. అమ్ముకునేవాడు వద్దనడం మార్టు అరమరల మధ్య నేనెప్పుడూ వినలేదు. బెల్లం దగ్గరా అంతే. పసుపుపచ్చగా మెరిసే దిమ్మ అడిగితే అది హైడ్రోసు పోసి తెల్లబరిచిందని చెప్పి, నల్లటి దిమ్మ చేతిలో పెడతాడు. చూడ్డానికి బాగుండదు, పరమాన్నంలో బాగుంటుంది.

ఎండుమిరపకాయలు, ధనియాలు ఇప్పటికీ కాగితంలో పొట్లం కట్టి, పురికొస రెండు చుట్లు తిప్పి, వేలితో పుటుక్కున తెంపుతాడు. వార్తాపత్రికల్లో తినే సరుకు చుట్టొద్దని ఆహార భద్రతా సంస్థ 2016లోనూ, మళ్లీ 2023లోనూ చెప్పింది. సిరాలో సీసం లాంటివి ఉంటాయని. అప్పటి నుంచి ఆయన తెల్లకాగితం కొంటున్నాడు. ఆరోగ్యానికి మంచిదే. మా కాలమిస్టుల రాతలకు ఉన్న ఏకైక రెండో ముద్రణ మాత్రం అలా ఆగిపోయింది.

ఇక డబ్బు ఊళ్లో తిరుగుతుందన్న వాదన. అమెరికాలో దీనికి లెక్కలు కట్టారు. 2004లో షికాగోలోని ఆండర్సన్‌విల్ అనే పేటలో చేసిన అధ్యయనం, స్థానిక వ్యాపారాల దగ్గర ఖర్చు పెట్టిన 100 డాలర్లలో 68 ఆ నగరంలోనే తిరుగుతాయని, గొలుసు దుకాణాల దగ్గరైతే 43 అని తేల్చింది. ఆ అంకెలు పట్టుకొచ్చి మన కిరాణా కొట్టుకు అతికించేవాళ్లున్నారు. అతకవు. సబ్బుబిళ్ల ఇక్కడ కొన్నా అక్కడ కొన్నా దాని డబ్బు చేరేది ముంబైకే. కొట్టాయనకు మిగిలేది నూటికి ఎనిమిదో పదో. ఊళ్లో నిజంగా నిలిచేది విడి సరుకు డబ్బు: తెనాలి మిల్లుల్లో ఆడిన మినపగుళ్లు, పక్క ఊరి గానుగ నూనె, వీధిలో ఆవిడ చేసిచ్చే అప్పడాలు, వడియాలు. కొట్టు మీద అభిమానం ఉంటే పప్పూ బియ్యం అక్కడ కొనాలి. పప్పూ బియ్యం మార్టులో కొని, టూత్‌పేస్టు ఒక్కటి ఈయన దగ్గర కొంటే అభిమానం నిలుస్తుందేమో కానీ కొట్టు నిలవదు.

ధరల తేడా ఎక్కణ్నుంచి వస్తుందన్నది కూడా చూడాలి. 2012లో విదేశీ చిల్లర దుకాణాలకు 51 శాతం దాకా తలుపు తెరిచినప్పుడు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సరేనన్న రాష్ట్రాల్లో ఒకటి. వాల్‌మార్టు వచ్చి మింగేస్తుందని ఊళ్లలో ఊరేగింపులు తీశారు. ఆ దారిన వచ్చినవాళ్లు దాదాపు లేరు. వాల్‌మార్టు 2018లో ఫ్లిప్‌కార్టును కొనుక్కుని ఇంకో గుమ్మంలోంచి వచ్చింది. మన ఊళ్లకు వచ్చింది దేశీ గొలుసులే. రిలయన్స్ ఫ్రెష్ మొదలైంది 2006 నవంబరులో మన హైదరాబాదులోనే. 2002లో ముంబైలో మొదలైన డీమార్టు చాలాచోట్ల దుకాణం స్థలం తనదిగా కొంటుంది, సరఫరాదారులకు తొందరగా డబ్బిస్తుంది, ఆ మేరకు ధర తగ్గించుకుంటుంది. అది తెలివైన వ్యాపారం, తప్పుపట్టను. పెద్దవన్నీ అలా నిలిచాయనీ కాదు. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష దేశమంతా 1600 దుకాణాల దాకా పెరిగి, చేతిలో నగదు ఆడక 2009లో మూతపడింది. అరువు లెక్క సరిగ్గా చూసుకోకపోతే ఎంత పెద్ద కొట్టయినా ఒకటే.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఒకే కంపెనీ ఒకే సబ్బుపొడిని పెద్ద గొలుసుకు ఒక ధరకు, మా ఊరి డిస్ట్రిబ్యూటరుకు ఇంకో ధరకు ఇస్తుంది. 2021 చివర్లో దేశంలోని డిస్ట్రిబ్యూటర్ల సమాఖ్య దీని మీదే కంపెనీలకు లేఖలు రాసి, ధర సమానం చేయకపోతే కొత్త ఏడాది నుంచి సహకరించమని హెచ్చరించింది. ఎక్కువ కొన్నవాడికి తక్కువ ధర న్యాయమే కదా అంటారు. కొంతవరకు న్యాయమే. ఎంతవరకన్నదే ప్రశ్న. పెట్టుబడిదారీకి పుట్టిల్లయిన అమెరికాలోనే 1936లో రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టం తెచ్చారు. ఎ అండ్ పి అనే కిరాణా గొలుసు తన సైజు చూపించి లాగుతున్న ధరలు చూసి, ఒకే సరుకును పోటీలో ఉన్న ఇద్దరు కొనుగోలుదారులకు కారణం లేకుండా వేర్వేరు ధరలకు అమ్మకూడదన్నారు. తర్వాత దశాబ్దాల్లో దాన్ని అటకెక్కించారు, అది వేరే కథ. మన దగ్గర ఇప్పుడు పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, ఆఫరు రోజున మార్టు బిల్లు కౌంటరు ముందు చిన్న కొట్ల వాళ్లే నిలబడుతున్నారు. డిస్ట్రిబ్యూటరు ధర కంటే మార్టు చిల్లర ధరే తక్కువ!

ఊరికే సానుభూతి చూపిస్తే లాభం లేదని, మేం ఏం చేస్తే మీకు పనికొస్తుందని కొట్టాయన్నే అడిగాను. ఆయన జాలి మాటలేవీ అడగలేదు. "నెల చిట్టా పాతికో తారీఖుకల్లా ఇవ్వండి. డబ్బు అయిదో తారీఖు లోపల ఇస్తే చాలు" అన్నాడు. చిట్టాలు ముందొస్తే ఆయనకు అమ్ముడయ్యేదెంతో తెలుస్తుంది. విజయవాడ గొల్లపూడి హోల్‌సేలు కాంప్లెక్సుకు వెళ్లి, నగదు పెట్టి, సరిపడా బస్తాలు దింపుకోవచ్చు. బస్తాకు నగదు ధర వేరు, అరువు ధర వేరు. పురుగు పట్టి పారబోసేది తగ్గుతుంది, వ్యానుకు ఒక్క కిరాయితో సరిపోతుంది. మా వీధిలో కొన్ని ఇళ్లవాళ్లం అలా ఇవ్వడం మొదలుపెట్టాం. అందులో కరెంటాఫీసాయన ఒకరు. పప్పులు, బియ్యం, చింతపండు, ఎండుమిర్చి ధరలో మార్టుకూ ఈయనకూ తేడా ఇప్పుడు నామమాత్రం. కందిపప్పయితే మొన్న ఇక్కడే రెండు రూపాయలు తక్కువ పడింది.

చిట్టా ఇస్తుంటే చివర్లో సబ్బుపొడి దగ్గర పెన్నుతో ఆయనే కొట్టేశాడు. "ఇది మాత్రం మార్టులోనే తెచ్చుకోండి, నా వల్ల కాదు. వెళ్లినప్పుడు నాకూ ఓ పది ప్యాకెట్లు పట్టుకురండి, బిల్లు కలిపే వేయించండి."