నీళ్లలోకి దిగే ముందు

పెళ్లిళ్ల సీజను దగ్గరపడిందంటే పాస్టర్లకు ఒక రకం ఫోన్లు మొదలవుతాయి. "వందనాలు అయ్యగారూ, వచ్చే గురువారం పెళ్లి పెట్టుకున్నాం. మగపెళ్లివాళ్లు బాప్తిస్మం సర్టిఫికెట్ అడుగుతున్నారు. ఈ ఆదివారం పిల్లకు ఇచ్చేస్తే..." ఆ గొంతులో చెడు ఏమీ ఉండదు. పందిరి, భోజనాలు, ఫోటోగ్రాఫరు, వాటి మధ్యన బాప్తిస్మం. తండ్రికి తలమీద బోలెడు పని. నేను మాత్రం ఒకటే అడుగుతాను: "పాప ఏమంటోంది బాబూ?" చాలాసార్లు అవతల కాసేపు మాట ఉండదు. పాపను ఎవరూ అడగలేదన్న మాట.

మా బాప్టిస్టు సంఘాల్లో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వం. బిడ్డను ప్రతిష్ఠ చేసి, ప్రార్థన చేసి, తల్లి చేతికిస్తాం. ఆ బిడ్డ పెరిగి, తన నోటితో తానే అడిగిన రోజునే నీళ్లు. ఇదేదో చిన్న ఆచార భేదమని అనుకునేవాళ్లున్నారు. దీని కోసం మనుషులు జైళ్లకు వెళ్లారు. 1612లో థామస్ హెల్విస్ అనే బాప్టిస్టు, మనిషి మనస్సాక్షి మీద రాజుకు అధికారం లేదని పుస్తకం రాశాడు. లండన్‌లో న్యూగేట్ జైల్లో వేశారు. మళ్లీ బయటికి రాలేదు. రాజుకే లేని అధికారం తండ్రికి ఉంటుందా, పెళ్లివారికి ఉంటుందా, పాస్టరుకు ఉంటుందా?

అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో ఐతియొపీయుడి కథ ఉంది కదా. రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటూ పోతున్న మనిషి దగ్గరికి ఫిలిప్పు పరుగెత్తుకుంటూ వెళ్తాడు. వెళ్లి చేసిన మొదటి పని ప్రసంగం కాదు. చదివేది అర్థమవుతోందా అని అడుగుతాడు. ఆ తర్వాతే రథమెక్కి పక్కన కూర్చుంటాడు. నీళ్లు కనబడ్డప్పుడు వాటిని చూపించి బాప్తిస్మం అడిగింది కూడా ఆ మనిషే, ఫిలిప్పు కాదు. కాపరి పని ఎలా ఉండాలో నాకు ఇంతకంటే బాగా చెప్పిన అధ్యాయం లేదు.

"మరి ఫిలిప్పు అక్కడికక్కడే ఇచ్చాడుగా, మీరెందుకు నెలలు నెలలు ఆపుతారు?" అని మా యవ్వనస్తులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫిలిప్పీ చెరసాల నాయకుడికి కూడా అదే రాత్రి ఇచ్చారు. ఎన్నాళ్లు ఆగామన్నది లెక్క కాదు. ఆ మనిషి తనంతట తాను వచ్చాడా లేదా అన్నదే లెక్క. అది ఒక్క రాత్రిలో తేలితే ఆ రాత్రే దిగుదాం. తేలకపోతే ఏడాదైనా సరే.

ఎలా తేలుతుంది? బాప్తిస్మం కోరినవాళ్లను సంఘ పెద్దల ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తాం. చదువుకున్న పిల్లలు పాపం, రక్షణ, మారుమనస్సు అన్నీ కంఠస్థం చేసి గడగడా అప్పజెబుతారు. ఒకసారి అక్షరం రాని ఒక ముసలమ్మ వచ్చింది. ఒక డీకను గారు మారుమనస్సంటే ఏమిటమ్మా అని అడిగారు. ఆమె కొంగు సర్దుకుని, "ఏమోనయ్యా, నాకు తెలవదు. మా కోడలితో మాట్లాడి నాలుగేళ్లయింది. నిన్న దానింటికి పొయ్యి కూడు తినొచ్చా" అంది. రెండో ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. సంఘ సభలో పేరు చదవగానే చేతులన్నీ లేచాయి.

ఆమెను నీళ్లలోకి దించడం మాత్రం తేలిక కాలేదు, మోకాళ్ల నొప్పులు. ఈ పనికీ ఒక ఒడుపుంది. ఏటి నీళ్లలో అయితే నడుం లోతు చూసుకోవాలి, కాళ్ల కింద ఇసుక జారని చోటు చూసుకోవాలి. మనిషిని వెనక్కి వాల్చేటప్పుడు తల ప్రవాహానికి ఎదురుగా ఉండాలి. అప్పుడు లేపేటప్పుడు నీరే సాయం పడుతుంది. రెండు చేతులూ గుండె మీద పెట్టించి, ఆ మణికట్లను నా ఎడమచేత్తో పట్టుకుంటాను. కుడిచెయ్యి మెడ కింద. మోకాళ్లు కాస్త వంచమని ముందే చెబుతాను, లేకపోతే బరువంతా నడుం మీద పడుతుంది. ఏటి నీళ్లయినా, గుడిలో కట్టిన తొట్టి అయినా, వెనక్కి వాలేముందు ప్రతి మనిషీ ఒక్క క్షణం బిగుసుకుపోతాడు. నేను తొందరపెట్టను. ఆ బిగువు సడలి, బరువు నా చేతి మీదికి వచ్చాకే వాలుస్తాను.

తెలుగు బాప్టిస్టుల చరిత్రలో ఇలా ఆగిన మనిషి ఒకరున్నారు. మనవాళ్లు ఆయన్ని తలుచుకునేది మాత్రం పెద్ద అంకె కోసం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ప్రపంచమంతా చెప్పుకున్న అంకె అది. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి పేరు దానితోనే ముడిపడిపోయింది. కానీ అంతకుముందు జరిగింది ఎంతమందికి తెలుసు?

1876లో మొదలైన కరువు మన జిల్లాల్ని ఊడ్చేసింది. జాన్ ఎవరెట్ క్లౌ అమెరికాలో సర్వేయరు పని చేసి వచ్చిన మనిషి. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు పార పని, సాయంత్రం వాక్యం. జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. ఆయన ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. తిండి చేత్తో పెట్టేవాడే నీళ్లలోకి పిలిస్తే, వచ్చేది ఆకలో విశ్వాసమో ఎవరు చెప్పగలరు? సహాయం పని ముగిశాకే తలుపు తెరిచారు. మాకు మీ సాయం అక్కర్లేదు, బాప్తిస్మం కావాలి అని జనం తమ చేతుల కాయలు చూపించి అడిగారని ఆయన తర్వాత రాసుకున్నారు. ఆ జూలై 3న నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, విడతకు ఇద్దరు చొప్పున. వచ్చినవాళ్లలో అత్యధికులు మాదిగవారు, ఊరి బావిలో చేద వెయ్యనివ్వని మనుషులు.

మా సంఘాల్లో 2,222 అని కేలెండర్ల మీద అచ్చు వేస్తారు. నాకైతే ఆ ఏడాదికి పైగా ఉన్న సున్నాయే గొప్పదనిపిస్తుంది. మిషను పై ఆఫీసుకు లెక్కలు పంపాల్సిన మనిషి అన్నాళ్లు సున్నా రాయడానికి చాలా విశ్వాసం కావాలి. నేడు సువార్త సభల్లో, ఫ్లెక్సీల మీద వేసే అంకెలు చూసినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.

ఇంకో మాట కూడా రాయాలి, పత్రికలో రాయడానికి చాలామంది పాస్టర్లు వెనకాడే మాట. ఈనాడు మనస్ఫూర్తిగా నమ్మి కూడా రిజిస్టరులో పేరు వద్దనేవాళ్లున్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ ఉత్తర్వులో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ వాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు. కూతురి ఇంజినీరింగ్ సీటుకూ బాప్తిస్మానికీ మధ్య నలిగిపోతున్న తండ్రిని నేను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఆయన్ని పిరికివాడని ప్రసంగ పీఠం ఎక్కి తిట్టే పాస్టర్లంటే నాకు కోపం. పేటలో గుడి కట్టుకున్నంత మాత్రాన కులం ఆయన్ని వదిలిందా? మరి చట్టం మాత్రం వదిలిందని ఎలా అంటుంది? ఆ చట్టం మారాలి. అందాకా నేను ఆయన్ని తొందరపెట్టను, అబద్ధం ఆడమనీ చెప్పను. ఆయనతో కలిసి ప్రార్థన చేస్తాను, ఇంటికి వెళ్తూ ఉంటాను.

కాపరి పనిలో నీళ్లు పట్టే సమయం ఎంత? మనిషికి అర నిమిషం. మిగతాదంతా ఆ అర నిమిషానికి ముందూ వెనకా ఉంది. తర్వాత వచ్చే ఆదివారాలు, జ్వరాలు, అప్పులు, తాగుడు మళ్లీ మొదలైన రాత్రులు, సంఘంలో ఒకరితో ఒకరికి పడని రోజులు. బాప్తిస్మం రోజున కుడిచెయ్యి ఇచ్చి సహవాసంలోకి చేర్చుకున్న సంఘం ఆ రాత్రుల్లో కనబడకపోతే ఆ చెయ్యి ఇచ్చినట్టే కాదు. అందుకని మా దగ్గర కొత్తగా బాప్తిస్మం పొందిన ప్రతివాళ్లకూ ఒక పెద్ద కుటుంబాన్ని తోడు పెడుతున్నాం. వారానికి ఒకసారి వెళ్లి, కలిసి తిని, ఒక అధ్యాయం చదువుకుని రావాలి.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి. పెళ్లి తేదీ మీరు పెట్టుకోండి, శుభలేఖ తెచ్చి ఇవ్వండి, సంతోషంగా వస్తాను. బాప్తిస్మం మాత్రం పిల్లల తరఫున మీరు అడగకండి. వాళ్లనే పంపండి, వాళ్ల నోటితో వాళ్లనే అడగనివ్వండి. వాళ్లు ఇంకా సిద్ధంగా లేమంటే కోప్పడకండి. సర్టిఫికెట్ లేనిదే పెళ్లి వద్దన్న మగపెళ్లివారితో నేను మాట్లాడతాను.