కాలువ గట్టు మీది బోధకులు

వేటపాలెం దాటి దక్షిణంగా పోతే, పెదగంజాం దిక్కున బకింగ్‌హామ్ కాలువ. 1876-78 ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఇందులో కొంత తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఒకప్పుడు సర్వేయరు పని చేసినవాడు, కొలతలు తెలుసు. పల్లె బోధకులే మేస్త్రీలయ్యారు. తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య 1866లో క్రైస్తవుడై వేసిన బాటన నడిచినవాళ్లు వీళ్లు. తట్టలు మోసేవాళ్లకు పని చూపడం, పూట గడవనివాళ్లకు ధైర్యం చెప్పడం, రెండూ వాళ్ల చేతిమీదే జరిగాయి. అసలు నాయకత్వం వాళ్లదే అంటాను.

కూటి కోసం మతంలో చేరారన్న మాట పడకూడదని కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా దిగి, అలిసినప్పుడల్లా వంతులు మార్చుకుంటూ బాప్తిస్మమిచ్చారు. ఆ రోజు క్లౌ ఒక్కరికీ ఇవ్వలేదు.