గాజు బుడ్డిలో మెరుపులు

గారడీవాడూ, సైన్సు మాస్టారూ ఇద్దరూ మనల్ని ఆశ్చర్యపరిచేవాళ్ళే. కాకపోతే గారడీవాడి బతుకుతెరువు గుట్టు దాచుకోవడంలో ఉంది. మాస్టారి గొప్పతనం ఆ గుట్టు విప్పి చెప్పడంలో ఉంది. ఈ తేడా మరిచిపోయిన ప్రదర్శన ఎంత తళతళలాడినా, నా లెక్కలో అది తిరునాళ్ళలో గుడారం ఆటే.

ఈ మాట ఇప్పుడెందుకంటారా? స్కూళ్ళ వైజ్ఞానిక ప్రదర్శనల్లో ఒక వస్తువుంటుంది, చూసే ఉంటారు. గాజు బుడ్డి. మీట నొక్కగానే దాని నడిమధ్య నుంచి ఊదారంగు మెరుపుతీగలు పాకుతూ వచ్చి గాజును తాకుతాయి. మనం వేలు ఆనిస్తే, పేరు పెట్టి పిలిచినట్టు ఆ వేలి దగ్గరికే వస్తాయి. నేను చెప్పేది బజారులో కొనితెచ్చిన బొమ్మ సంగతి కాదు. పాతకాలపు ఫిలమెంటు బల్బునీ, ఎక్కువ వోల్టేజి పుట్టించే సర్క్యూటునీ జతచేసి సొంతంగా తయారుచేసే రకం గురించి. అలాంటి బల్బులో ఆర్గానూ, కాస్త నైట్రోజనూ నింపే ఉంటాయి గనక వాయువు కోసం వెతుక్కోనక్కర్లేదు. నాటకాన్నీ, సినిమానీ సమీక్షిస్తాం కదా, దీన్ని మాత్రం ఎందుకు వదలాలి?

దీనికి వంశం పెద్దదే. 1857లో జర్మనీలోని బాన్ నగరంలో గైస్లర్ అనే గాజు పనివాడు గొట్టాల్లోంచి గాలి తోడేసి, కొద్దిపాటి వాయువు మిగిల్చి, కరెంటుతో వెలిగించాడు. గాలి చిక్కగా ఉంటే ఎలక్ట్రానుకి పరుగెత్తే చోటుండదు. పలచబడితే దారి దొరుకుతుంది. ఆ తరువాత 1892లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో నికొలా టెస్లా తీగలు తగిలించకుండానే గొట్టాలు వెలిగించి చూపించి సభను ముగ్ధం చేశాడు.

తమాషా ఏమిటంటే, అంతకు ముప్పై ఏళ్ళ ముందు, 1860-61 క్రిస్మస్ సెలవుల్లో, అదే సంస్థలో మైకేల్ ఫారడే పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఒక కొవ్వొత్తి మీద ఉపన్యాసాలిచ్చాడు. వాటిని పుస్తకంగా కూర్చినవాడు విలియం క్రూక్స్. తరువాతి రోజుల్లో గాలి తోడేసిన గొట్టాల్లో కరెంటు నడిపి పేరు తెచ్చుకున్న క్రూక్స్ ఈయనే!

ఈ రెండు ప్రదర్శనల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫారడే కొవ్వొత్తిని చూసిన పిల్లవాడు ఇంటికెళ్ళి తానే ఒకటి వెలిగించి పరీక్షించుకోగలడు. టెస్లా దీపాల్ని చూసినవాడు చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళాల్సిందే. టెస్లా వివరించలేదని కాదు, ఆయన ఎదుట కూర్చున్నది ఇంజనీర్లు. అయినా లోకానికి గుర్తుండిపోయింది ఆ తళుకే. మన గాజు బుడ్డికి అందం టెస్లా నుంచి వచ్చింది. ఫారడే బుద్ధి కూడా వచ్చిందా అన్నదే నా ప్రశ్న.

ఒక ప్రదర్శనలో బల్లమీద నల్లగుడ్డ కప్పిన పెట్టె, దానిమీద బల్బు. "ఏముంది బాబూ ఇందులో?" అన్నాను. "ప్లాస్మా అండీ." "అంటే?" "మెరుపులండీ." "మెరుపులెందుకొస్తున్నాయి?" "ప్లాస్మా ఉంది కదండీ!" పాపం, పిల్లవాడిని అని లాభం లేదు. పేరు నేర్పారు, సంగతి నేర్పలేదు.

సంగతి అంత కష్టమైందేం కాదు. వాయువు మామూలుగా కరెంటును పోనివ్వదు. వోల్టేజి బాగా పెంచితే లోపల విడిగా తిరిగే ఒకటీ అరా ఎలక్ట్రాన్లు పరుగందుకుంటాయి. దారిలో పరమాణువుల్ని ఢీకొట్టి మరికొన్ని ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. అవీ పరుగెడతాయి. పెళ్ళి పందిట్లో ఒకరు భోజనానికి లేస్తే పదిమంది లేచినట్టన్నమాట! దెబ్బతిన్న పరమాణువులు కుదుటపడేటప్పుడు, పుచ్చుకున్న శక్తిని వెలుగుగా తిరిగి ఇచ్చేస్తాయి. ఏ వాయువు రంగు దానిదే. నియాన్‌ది నారింజ కలిసిన ఎరుపు, ఆర్గాన్‌ది ఊదా.

మన ఇళ్ళల్లోనూ ఈ బుడ్డికి ఒక చెల్లెలుంది. కరెంటుందో లేదో చూసే టెస్టర్! దాని పిడిలో ఉన్నది బుల్లి నియాన్ బల్బు. వెనక బిళ్ళమీద వేలు పెడితేనే వెలుగుతుంది. ఎందుకంటే కరెంటు మన ఒంట్లోంచే నేలకు పోతుంది. మధ్యలో ఉన్న పెద్ద రెసిస్టెన్సు దాన్ని లేశమాత్రానికి తగ్గించబట్టి మనకి తెలియదు. గాజు బుడ్డి మెరుపులు వేలి దగ్గరికి రావడానికీ కారణం అదే, మన ఒళ్ళు కరెంటుకు దారి కావడమే. సెకనుకి వేలసార్లు దిశ మార్చుకునే ఆ కరెంటుకు గాజు అడ్డుగోడ కాదు. ఎల్ఈడీలొచ్చాక అటకెక్కిన పాత ట్యూబులైటును బుడ్డి దగ్గరికి తెస్తే, తీగ లేకుండానే అదీ వెలుగుతుంది. టెస్లా సభ మన వసారాలో!

ఇక ఈ ప్రదర్శనల్లో నాకు నచ్చనిది ఆ నల్లగుడ్డ. దానికింద ఉండేది తరచు పాత పిక్చర్ ట్యూబు టీవీలోంచి ఊడదీసిన ట్రాన్స్‌ఫార్మరు. దాని తీగ తగిలితే ప్రాణాలకే ముప్పు. టీవీ ఆపేసినా దానిలోపల కరెంటు కొంతసేపు నిలవుంటుంది. వేలు ఒకేచోట ఎక్కువసేపు ఆనిస్తే గాజు వేడెక్కుతుంది. "ఇలా తయారుచేయండి" అని రాసేవాళ్ళు మరలూ మేకులూ లెక్కపెట్టి చెబుతారు గాని, ఇవి చివర్న ఒక ముక్కలో తేల్చేస్తారు. వంట నేర్పేవాళ్ళు పొయ్యి సంగతి దాచినట్టుంది! పిల్లవాడు మేడమీద గదిలో తలుపేసుకుని ఇవి చేస్తుంటే "బాగా చదువుతున్నాడు" అని మురిసిపోయే తల్లులకి ఇది తెలియాలి. పెద్దవాళ్ళు, అదీ కరెంటు పని తెలిసినవాళ్ళు, పక్కన లేకుండా ఆ పెట్టె ముట్టుకోకూడదు.

గుడ్డకి బదులు ఆ పెట్టెకి నాలుగువైపులా పారదర్శకమైన ప్లాస్టిక్ పలక బిగిస్తే ఎంత బాగుంటుంది! చెయ్యి పోదు, చూపు పోతుంది. ప్రమాదమూ తప్పుతుంది, గుట్టూ మిగలదు. ముందు టెస్టర్ చూపించి, తరువాత ట్యూబులైటు, ఆఖర్న బుడ్డి వెలిగించి, "ఇవన్నీ ఒకటేనండీ" అని చెప్పగలిగిన పిల్లలకి నేనైతే మొదటి బహుమతి ఇచ్చేస్తాను, మెరుపులు కాస్త తక్కువైనా సరే.