కుట్లు విప్పి మళ్ళీ కుట్టే పడవ

కోటవురట్లకు సముద్రం లేదు. నర్సీపట్నం నుంచి అడ్డురోడ్డుకు వెళ్ళే బస్సు ఈ ఊళ్ళో ఆగి, పొలాల మధ్య నుంచి జాతీయ రహదారి వైపు దిగిపోతుంది. రహదారి దాటి ఇంకాస్త పోతే రేవుపోలవరం. ఇసుక, గుట్ట, గుట్ట మీద గుడి, ఆదివారాలు వనభోజనాలకొచ్చే జనం. పేరులో రేవు మిగిలింది గానీ ఓడ ఆగే రేవు మిగల్లేదు. ఇసుకలోకి లాగిపెట్టిన ఫైబర్ తెప్పలు మాత్రం వరసగా కనబడతాయి. అటు పాయకరావుపేట దగ్గర పెంటకోట నుంచి ఇటు పూడిమడక మీదుగా భీమిలి దాకా తీరం పొడవునా చాలాచోట్ల ఇదే దృశ్యం.

ఈ ఇసుక మీద ఒకప్పుడు మేకు అన్నది లేని పడవలు ఉండేవి. వాటి పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. పరాయివాళ్ళు రాసుకున్న పుస్తకాల్లో వాటి పేరు మసూలా పడవ. మన జాలర్లకు అది ఉత్త పడవే. దాని గొప్పతనం తెలియాలంటే ముందు దానికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఓడను ఒకసారి చూడాలి. అది సిమెంటు ఓడ.

సిమెంటు నీళ్ళ మీద తేలడమేమిటని నవ్వనక్కర్లేదు. ఇనుము తేలగా లేనిది సిమెంటు తేలదా? పక్కకు నెట్టిన నీటి బరువు తన బరువుకు సమానమైతే ఏదైనా తేలుతుంది. ఫ్రాన్సులో జోసెఫ్ లాంబో అనే ఆయన 1848లో ఇనుప తీగల వల అల్లి, దాని మీద సిమెంటు మెత్తి చిన్న పడవ చేశాడు. 1855లో పారిస్ ప్రదర్శనలో దాన్ని పెట్టాడు. మనం ఇంటికి వేసుకునే ఆర్‌సీసీ శ్లాబుకు అది ముత్తాతల్లో ఒకటి. అంటే ఇనుము కలిసిన కాంక్రీటు మిద్దెక్కక ముందే నీళ్ళలోకి దిగిందన్నమాట. ఆ తర్వాత ఇటలీ ఇంజనీరు పియర్ లుయీజీ నెర్వీ అదే పద్ధతికి పదును పెట్టి, రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజులకు అంగుళమున్నర మందం కూడా లేని సిమెంటు ఒళ్ళుతో ‘ఐరీన్’ అనే ఓడను నీళ్ళలో నడిపించాడు. 1960, 70 దశకాల్లో న్యూజిలాండ్, కెనడాల్లో ఎందరో తమ పెరట్లోనే ఇలాంటి తెరచాప పడవలు కట్టుకున్నారు. వాటిలో కొన్నింటిని ఇప్పటికీ బాగుచేసి నడుపుతున్నారు.

వాటికొచ్చే జబ్బేమిటో మన కోస్తా జిల్లాల్లో ఇల్లున్న ప్రతివాడికీ తెలుసు. వంటింటి కప్పు పెచ్చులూడి, లోపలి ఊచ ఎర్రగా తుప్పు పట్టి బయటపడుతుందే, అదే. సన్నని బీటలోంచి ఉప్పునీరు దిగి ఇనుప వలను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి సిమెంటును లోపల్నుంచి పగలగొడుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే పాత సిమెంటు ఓడను బాగుచేసేవాళ్ళు మొదట చేసే పని చిన్న సుత్తి పట్టుకుని అడుగడుగునా తట్టడం. గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన చోట డొల్ల చప్పుడు వస్తుంది.

1919లో అమెరికాలో నీటికి దిగిన ‘సెల్మా’ కథ ఇక్కడ చెప్పుకోవాలి. అది కాంక్రీటుతో కట్టిన పెద్ద చమురు ఓడ. మరుసటి ఏడు మెక్సికోలోని టాంపికో దగ్గర గట్టును గుద్దుకుని, సుమారు 60 అడుగుల మేర చీలింది. బాగుచేయడానికి అమెరికాలోని గాల్వెస్టన్‌కు తీసుకొచ్చారు. ఇనుప ఓడను అతికేవాళ్ళున్నారు, కర్ర ఓడకు పలక మార్చేవాళ్ళున్నారు, కాంక్రీటు ఓడను ఏం చెయ్యాలో అక్కడ తెలిసినవాళ్ళు లేకపోయారు. చివరికి 1922లో గాల్వెస్టన్ పక్క నీళ్ళలోనే ముంచేశారు. ఆ మొండెం ఇప్పటికీ నీటిపైకి కనిపిస్తుంది.

ఇక మన పడవ దగ్గరికొద్దాం.

దానికి ఎముకలు లేవు. మామూలు కర్ర ఓడలో ముందు పక్కటెముకల్లాంటి వంపు దూలాలు నిలబెట్టి, వాటికి పలకలు బిగిస్తారు. కుట్టుపడవలో పలకలే ఒళ్ళు, అడ్డంగా వేసిన కొన్ని కర్రలే ఆసరా. అడుగు చదునుగా ఉంటుంది. పలకలకు ఎక్కువగా మామిడి కర్ర వాడేవారు. రెండు పలకల అంచుల వెంట దగ్గరదగ్గరగా బెజ్జాలు వేసి, పలకలు కలిసే సందు మీద ఎండుగడ్డి లాంటి మెత్తని చుట్ట పొడవునా పరిచి, దాని మీదుగా కొబ్బరి పీచు తాడును అటూ ఇటూ దాటిస్తూ బిగించేవారు. బయటి నుంచి చూస్తే బొంతకు వేసిన పెద్దపెద్ద కుట్లలా కనబడేది. నీళ్ళలో దిగాక కర్ర ఉబ్బుతుంది, గడ్డి ఉబ్బుతుంది, తాడు బిగుస్తుంది. సందులు చాలామటుకు వాటంతటవే మూసుకుంటాయి. చాలామటుకే సుమా. పడవలోకి నీళ్ళు ఊరుతూనే ఉండేవి, ఒకడు తోడి పోస్తూనే ఉండేవాడు. నీళ్ళు తోడడం ఇక్కడ ప్రమాద సూచన కాదు, పనిలో ఒక భాగం.

ఇంత కష్టం దేనికి, నాలుగు మేకులు కొట్టలేకనా? మేకులు కొట్టడం ఈ తీరానికి బాగా తెలుసు. గోదావరి పాయల్లో కోరంగి, తాళ్ళరేవుల వడ్రంగులు మేకులు దిగ్గొట్టి, సందుల్లో నార కూరి, గుగ్గిలం పూసి సముద్రాలు దాటే ఓడలు కట్టారు. కోరంగి నుంచి రంగూన్‌కు వెళ్ళిన తెలుగువాళ్ళు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాడికి ‘కోరంగీ’ అన్నదే పేరైపోయింది. అయితే అవి నదీముఖంలో నిలకడ నీళ్ళున్న రేవులు. విశాఖ తీరం అలాంటిది కాదు. ఇక్కడ కెరటం నేరుగా వచ్చి ఇసుక మీద విరుగుతుంది. పడవ ప్రతి రాకపోకలోనూ నేలను గుద్దుకోవలసిందే. మేకు బిగించిన ఒళ్ళు ఆ దెబ్బకు చిట్లుతుంది. కుట్టిన ఒళ్ళు కాస్త వంగి, మెలితిరిగి, దెబ్బను ఒంటినిండా పంచుకుని ఊరుకుంటుంది. పైగా ఇనుము ఉప్పునీటిలో తుప్పు పడుతుంది, కొబ్బరి పీచు ఉప్పునీటికి బాగా ఓర్చుకుంటుంది.

ఓర్చుకుంటుందే గానీ శాశ్వతంగా కాదు. తాడు అరిగేది, గడ్డి కుళ్ళేది. అప్పుడు పడవను ఇసుక మీదికి లాగి, కుట్లు విప్పి, పనికొచ్చే పలకలు ఉంచి, పాడైనది మార్చి, కొత్త తాడుతో మళ్ళీ కుట్టేవారు. సిమెంటు ఓడకూ దీనికీ అసలు తేడా ఇక్కడుంది. సిమెంటు తన జబ్బును దాచుకుంటుంది. కుట్టుపడవలో ప్రతి కుట్టూ కంటికి కనబడుతుంది, చేతికి తగులుతుంది. పాత ఓడల పునరుద్ధరణ అని ఇవాళ ఎంతో ఖర్చుతో, ఎంతో ఆర్భాటంగా జరిగే పని ఈ ఇసుక మీద మామూలు పనుల్లో ఒకటిగా జరిగిపోయేది.

ఇక కెరటం దాటడం. తీరంలో బతికే వాడబలిజలకూ జాలర్లకూ చిన్నప్పుడే అబ్బే ఈ విద్యను బయటివాళ్ళు నోరు తెరుచుకుని చూశారు. మద్రాసులో ఓడరేవు కట్టకముందు దొరలూ దొరసానులూ తీరానికి దూరంగా ఓడ దిగి, ఈ పడవల్లోనే ఒడ్డుకు చేరేవారు. ఎవరైనా నీళ్ళలో పడితే ఎత్తడానికి పక్కనే దుంగలతో కట్టిన కట్టుమరాలు నడిచేవి. విశాఖలోనూ అంతే. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ కొత్త హార్బరులోకి వచ్చేదాకా పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుని ఉంటే, సరుకు పడవల మీదే ఒడ్డుకు రావలసి వచ్చేది.

పడవ పెద్ద తండేలు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమా తర్వాత ఈ మాట హైదరాబాదు మల్టీప్లెక్సుల దాకా వెళ్ళింది గానీ, తీరంలో అది ఎప్పటి మాటో. తండేలు పడవ వెనక కొసన నిలబడి, చుక్కానికి బదులు పొడుగాటి తెడ్డు పట్టుకుంటాడు. కెరటాలు ఒకే లెక్కన రావు. నాలుగు పెద్దవి వచ్చాక కాసేపు సద్దుమణుగుతుంది. ఆ సందు కోసం అతను కాచుకుంటాడు. తక్కినవాళ్ళు తెడ్లు ఎత్తిపట్టి అతని నోటివైపే చూస్తుంటారు. అతను కేక వెయ్యగానే అందరూ ఒక్క ఊపున లాగాలి. ముక్కు కెరటానికి సూటిగా ఉండాలి, ఒక్క మూర పక్కకు తిరిగినా పడవ అడ్డం పడి దొర్లిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఇంకా కష్టం. వెనక నుంచి తరుముకొచ్చే కెరటం కంటే ముందు పోకూడదు, మరీ వెనకబడకూడదు. విరిగిన కెరటం వీపునెక్కి ఇసుక దాకా జారిరావాలి. రాగానే అందరూ దూకి, తర్వాతి కెరటం అందుకోకముందే పడవను పైకి లాగాలి.

పడవకు తోబుట్టువు తెప్ప. దుంగలు కలిపి కట్టిందే అది. తమిళంలో కట్టుమరం, దాన్నే ఇంగ్లీషువాళ్ళు ‘కటమరాన్’ చేసుకున్నారు. మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖ అధిపతిగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ మన దేశపు పడవల మీద 1920లో వెలువరించిన గ్రంథంలో ఈ తెప్పల తీరుతెన్నులను శ్రద్ధగా నమోదు చేశాడు. తెప్ప ఎప్పుడూ తడిసే ఉంటుంది, మీద కూచున్నవాళ్ళూ తడిసే ఉంటారు. కానీ మునగదు. బోల్తా పడితే తిప్పుకుని మళ్ళీ ఎక్కుతారు. ఒడ్డుకు చేరాక కట్లు విప్పి దుంగలు ఆరబెడతారు. నానిన దుంగ బరువెక్కి నీళ్ళలో ఇంకాస్త కిందికి దిగుతుంది కాబట్టి ఆరబెట్టడం కూడా నావికవిద్యలో భాగమే. తెరచాప ఎత్తినప్పుడు గాలి పక్కకు నెట్టేయకుండా ఒక పలకను నిలువుగా నీళ్ళలోకి దించుతారు. గాలి పల్చబడితే గుడ్డ చాప మీద నీళ్ళు చల్లుతారు. తడిసిన నూలు బిగిసి, ఉన్న కాస్త గాలినీ జారనివ్వదు.

ఒడ్డు సన్నని గీతలా మారేంత దూరం పోయాక దారి ఎలా తెలుస్తుంది? కొండలే గుర్తులు. ముందున్న కొండ కొమ్ము వెనక ఫలానా కొండ వచ్చి నిలిస్తే అది ఒక వరస. మరో పక్క ఇంకో రెండు గుర్తులు కలిస్తే రెండో వరస. రెండు వరసలూ కోసుకున్న చోటే చేపలుండే రాతినేల. విశాఖలో యారాడ కొండ ఇలాంటి గుర్తుల్లో పెద్దది.  కోటవురట్ల వాళ్ళు రోజూ చూసే తూర్పు కనుమల వరసే సముద్రంలో ఉన్నవాడికి పటం.

ఈ విద్య ఎప్పటిదని అడిగితే, రెండో శతాబ్దపు శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. ఒక గ్రీకు నావికుడు రాసిన ‘పెరిప్లస్’ అనే పుస్తకంలో తూర్పు తీరాన పెద్ద దుంగలు కలిపి కట్టిన ‘సంగర’ అనే పడవల ప్రస్తావన ఉంది. తెప్పకు అది పూర్వీకురాలు అయ్యుండొచ్చు.

కుట్టు ఓడ మళ్ళీ వార్తల్లోకి వచ్చింది మాత్రం ఈ మధ్యే. అజంతా గుహల్లోని ఒక ఓడ బొమ్మను ఆధారం చేసుకుని, మేస్త్రి బాబు శంకరన్ ఆధ్వర్యంలో కేరళ పనివాళ్ళు గోవాలో కొబ్బరి తాళ్ళతో ఓ ఓడ కుట్టారు. 2025 మే 21న కార్వార్‌లో నౌకాదళం దాన్ని ‘ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య’ పేరుతో తనలో చేర్చుకుంది. (మనవాళ్ళకు కౌండిన్యస గోత్రమనగానే పెళ్ళి సంబంధాలు గుర్తొస్తాయి. ఈ కౌండిన్యుడు ఆగ్నేయాసియాకు ఓడ నడిపాడని చెప్పుకునే పురాతన నావికుడు.) ఇంజను లేని ఆ ఓడ 2025 డిసెంబరు 29న పోరుబందరులో బయలుదేరి, చుక్కానికి బదులు తెడ్లతో, చతురస్రపు తెరచాపలతో 2026 జనవరి 14న మస్కట్ చేరింది. కొలతల పటాలేవీ లేవు కాబట్టి బొమ్మ చూసి కట్టింది అది. ఓడ ఎలా ప్రవర్తిస్తుందో దాన్ని నడిపేవాళ్ళే సముద్రంలో నేర్చుకోవలసి వచ్చింది.

తెరచాప ఓడలో నడపడమూ బాగుచెయ్యడమూ ఒకటే పని. ఆ సంగతి బాగా తెలిసిన తెలుగు ఆడపిల్లలు ఇద్దరున్నారు. విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరిన ‘ఐఎన్‌ఎస్‌వీ తారిణి’ మీద ఆరుగురు మహిళా నౌకాదళ అధికారుల్లో వీళ్ళూ ఉన్నారు. 55 అడుగుల ఆ పడవతో 254 రోజుల్లో 21,600 నాటికల్ మైళ్ళు తిరిగి, 2018 మే 21న గోవా చేరారు. జనవరి 19న దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ దాటారు. తిరుగు దారిలో చుక్కాని యంత్రం దెబ్బతింటే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకోవలసి వచ్చింది. అంతవరకు దాన్ని ఒడ్డుకు తెచ్చినవాళ్ళు ఆ ఆరుగురే. దక్షిణ సముద్రంలో చాప చిరిగినా, తాడు తెగినా పిలవడానికి మెకానిక్ ఉండడు.

ఇటు మన తీరంలో కుట్టుపడవలు దాదాపు మాయమయ్యాయి. ఒడ్డుకు లాగే అలివి వలను నీళ్ళలో వెయ్యడానికి కొన్నాళ్ళు నిలిచాయి గానీ ఫైబర్ వచ్చి, ఇంజను వచ్చి వాటిని పక్కకు నెట్టాయి. ఇందులో నేరమేమీ లేదు. ఫైబర్ తెప్ప తేలిక, నీళ్ళు పీల్చదు, ఏడాదికోసారి విప్పి కుట్టే పని లేదు. తడి తెప్ప మీద గంటలకొద్దీ మోకాళ్ళ మీద కూచున్నవాడిని మళ్ళీ అలాగే కూచోమనే హక్కు ఒడ్డున కాఫీ తాగేవాళ్ళకు లేదు. పోయింది ఒక్కటే, బాగుచేసుకునే సరుకు ఊళ్ళోనే దొరకడం. ఇప్పుడు పడవకు దెబ్బ తగిలితే రెసిన్ డబ్బా, గాజు నార గుడ్డ బజారు నుంచి రావాలి. అప్పటి గడ్డి, కొబ్బరి పీచు ఊళ్ళోవే.

అయినా పడవను చేత్తో తడిమి చూసే పాత అలవాటు పోలేదు. సాయంత్రం తెప్పను ఇసుక మీదికి లాగాక, వల సర్దుకోకముందే అడుగు పక్కన కూచుని, వేలి కణుపుతో ఫైబర్ మీద అక్కడక్కడా తట్టుతూ, పొర విడిచిన చోట డొల్ల చప్పుడు ఎక్కడ వస్తుందా అని చెవి వంచి వినే మనిషి ఈ తీరంలో ఇంకా కనబడతాడు. వచ్చిన చోట బొగ్గుతో గీత గీసి, రేపు పొద్దున పనికి గుర్తు పెట్టుకుంటాడు.