ఒకే కీర్తన, వేరువేరు బల్లలు: తెలుగు క్రైస్తవ ఐక్యత – ఒక పరిశీలన

తెలుగు ప్రాంతంలో క్రైస్తవ శాఖల ఐక్యతను చర్చించే రచనలు చాలావరకు 1947 సెప్టెంబరు 27 చుట్టూ తిరుగుతాయి. ఆనాడు మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు శాఖలు, 1908లోనే ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వర్గాల కలయికతో ఏర్పడిన ఐక్య సంఘం కలిసి దక్షిణ ఇండియా సంఘంగా రూపొందాయి. బిషప్పు పదవిని ప్రాణప్రదంగా భావించేవారు, దానిని మొదటి నుండీ నిరాకరించినవారు ఒకే వ్యవస్థలోకి రావడం సామాన్యమైన విషయం కాదు. అయితే ఈ ఘట్టాన్నే ఐక్యతకు కొలమానంగా స్వీకరించినందువల్ల ఒక ముఖ్యమైన వాస్తవం విమర్శకుల దృష్టి నుండి జారిపోయింది. ఈ ప్రాంతంలో బలమైన శాఖలైన బాప్టిస్టులు, లూథరన్లు ఆ కలయికలో చేరలేదు.

1919లో తరంగంబాడిలో సమావేశమైన బోధకులు, వారిలో ప్రముఖుడైన దోర్నకల్ బిషప్పు వి.యస్. అజరయ్య, ఈ విభేదాలు భారతీయులు సృష్టించుకున్నవి కావనీ, వెలుపలి నుండి వచ్చి పడినవనీ వాదించారు. ఈ వాదానికి తెలుగు జిల్లాల పటమే సాక్ష్యం. 1842లో హయ్యర్ గుంటూరు చేరినందున అక్కడ లూథరన్ సంఘం వెలసింది. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులకు, కాకినాడ కెనడా బాప్టిస్టులకు, మెదక్ వెస్లియన్లకు, కడప లండన్ మిషనుకు క్షేత్రాలయ్యాయి. ఒక పల్లె ఏ శాఖకు చెందుతుందో తేల్చింది సిద్ధాంత విచారణ కాదు, మిషన్లు తమలో తాము గీసుకున్న హద్దు.

కాని ఈ వాదం సగం మాత్రమే నిజం. వెలుపలి నుండి వచ్చిన గీతల్లోకి లోపలి గీతలు ఒదిగిపోయాయి. ఒంగోలు ప్రాంతపు ఉద్యమం యెర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగలలో మొదలైంది. మరికొన్ని క్షేత్రాలలో మాలలు ముందుగా వచ్చారు. ఆ విధంగా శాఖాభేదం పలుచోట్ల కులభేదానికి మరో పేరైంది. ఇరవై ఎనిమిదేళ్ల ఐక్యతా చర్చలకు కేంద్రం బిషప్పు అధికారం, బోధకుల అభిషేకం. పల్లెలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న ప్రశ్నకు ఆ చర్చల పరిభాషలో చోటు లేదు. ఐక్యతా పత్రాలను ఆంగ్ల మూలాల నుండి మాత్రమే చదివే పరిశోధకులకు ఈ మౌనం వినిపించకపోవడం సహజమే.

ఎవరూ చర్చించకుండానే ఏర్పడిన ఐక్యత ఒకటుంది. దానికి ఆధారం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి క్రైస్తవాన్ని స్వీకరించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలను లూథరన్లు పాడతారు, బాప్టిస్టులు పాడతారు, దక్షిణ ఇండియా సంఘంవారూ పాడతారు. శిశువుకు బాప్తిస్మం ఇవ్వవచ్చునా అన్న ప్రశ్న వద్ద విడిపోయేవారు మరణించినవారి ఇంట ఒకే పాటను ఒకే వరుసలో ఎత్తుకుంటారు. ఒకరికి చెల్లే బాప్తిస్మం మరొకరికి చెల్లదు. పాట మాత్రం ఇద్దరికీ చెల్లుతుంది.

ఈ ఐక్యతకూ మూల్యం ఉంది. కీర్తన శీర్షన రాగం, తాళం పేర్కొనే ఈ సంప్రదాయం కర్ణాటక సంగీత మర్యాదను, సంస్కృత సమాసభూయిష్ఠమైన పదజాలాన్ని ఆదర్శంగా గ్రహించింది. సంఘంలో అత్యధికులైన దళితుల డప్పు, చిందు, తత్త్వాల బాణీలకు దానిలో దక్కిన చోటు స్వల్పం. పేరయ్య క్రైస్తవుడు కాకముందు రాజయోగ గురుసంప్రదాయానికి చెందినవాడన్న సంగతిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఆ సంప్రదాయపు పాట కీర్తనల పుస్తకంలోకి రాలేదు. శాఖలను కలిపిన సాహిత్యరూపమే పాడేవారి స్వరాన్ని వెనక్కు నెట్టిందన్న విమర్శను తోసిపుచ్చడం కష్టం. అయితే ఆ కీర్తనలను నూటయాభై ఏళ్లుగా కంఠస్థం చేసి, తమ గొంతుకు అనువుగా సాగదీసుకుని, కొంతమేర తమవిగా మార్చుకున్నదీ ఆ దళిత సంఘాలే. ముద్రిత పాఠాన్ని మాత్రమే పరిశీలించే విమర్శకు ఈ రెండో పార్శ్వం అందదు.

కీర్తనల పుస్తకం ఏర్పరచిన వలయానికి ఒక అంచు కూడా ఉంది. కతోలికులు దానికి వెలుపల ఉన్నారు. ఈ ఎడం సిద్ధాంతంలో కంటే ముందుగా నాలుక మీద తెలుస్తుంది. ప్రొటెస్టంట్లకు ‘బాప్తిస్మం’ అయినది వారికి ‘జ్ఞానస్నానం’. ‘పరిశుద్ధాత్మ’ వారి ప్రార్థనలో ‘పవిత్రాత్మ’, ‘సంఘం’ వారికి ‘శ్రీసభ’, ‘ప్రభురాత్రి భోజనం’ వారికి ‘దివ్యసత్ప్రసాదం’. రెండవ వాటికన్ మహాసభ 1964లో ఐక్యతా ప్రకటన వెలువరించిన తరువాత, లాటిన్ స్థానంలో తెలుగు పూజ వచ్చిన తరువాత కూడా ఈ రెండు పదకోశాలు కలవలేదు. బాప్టిస్టుకూ లూథరనుకూ మధ్య ఉన్న సిద్ధాంతభేదం లోతైనదే అయినా వారిద్దరూ ఒకే బైబిలు అనువాదపు భాషలో విభేదిస్తారు. కతోలికుడు, ప్రొటెస్టంటు ఏకీభవించే చోట కూడా వేరువేరు మాటల్లో ఏకీభవిస్తారు. తెలుగు క్రైస్తవ పరిభాషపై జరిగిన అధ్యయనాలు అనువాద నాణ్యతను తూచాయే తప్ప, ఒకే వీధిలోని రెండు ప్రార్థనాలయాల మధ్య ఒక పదం గోడగా ఎలా నిలుస్తుందో తగినంతగా విచారించలేదు.