వాష్ ఏరియాలో వాటం

కొత్త ఫ్లాట్ చూడటానికి వెళ్ళినవాళ్ళు వంటగట్టు గ్రానైట్ తడిమి చూస్తారు. వెనకున్న వాష్ ఏరియాలోకి మాత్రం తొంగిచూసి వచ్చేస్తారు. నేనైతే అక్కడే ఓ బకెట్ నీళ్ళు అడిగి, తూముకు దూరంగా ఉన్న మూలన పోస్తాను. నీళ్ళన్నీ తూములోకి దిగిపోతే ఆ పని చేసిన మేస్త్రీకి మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.

అడుగుకు పావంగుళం వాటం చాలు. ఐదడుగుల గదికి అంగుళంపావు. బాగా తగ్గితే సబ్బునీళ్ళు మధ్యలోనే మడుగు కడతాయి, పెరిగితే తడికాలు జారుతుంది.

వాటం చెడేది ఎక్కువగా టైల్స్ దగ్గరే. తూము గది మధ్యలో ఉంటే నాలుగు వైపుల నుంచీ వాటం రావాలి. రెండడుగుల టైలు వంగదు కదా! ఐమూలగా కోసి పరవాలి. కోతకు బద్ధకిస్తే వాటం పోతుంది. అందుకే తూము గోడవారన పెట్టించి, ఒకేవైపు వాటం ఇప్పించి, అడుగు టైల్స్ వేయించమంటాను. అసలు వాటం టైలు కింద మాలులోనే రావాలి. దానికి అడుగున వాటర్‌ప్రూఫింగ్ పొరకూ ఉండాలి. లేదంటే సందుల్లోంచి దిగిన నీరు శ్లాబు మీదే నిలిచి, కింది ఇంటివాళ్ళ సీలింగు చెమ్మగిల్లుతుంది. మాలు పరిచే రోజు ఇంటివాళ్ళు దగ్గరుండాలి. గోడ నుంచి తూముదాకా లాగిన దారాన్ని, ఆ రెండు కొసల ఎత్తునూ కళ్ళారా చూసుకోవాలి. టైలు రంగు తర్వాత ఎంచుకోవచ్చు.

వాషింగ్ మిషన్‌కు మాత్రం వాటం పనికిరాదు. నిమిషానికి 1000 చుట్లు తిరిగేటప్పుడు నాలుగు కాళ్ళూ సమంగా ఆనకపోతే అదురుతుంది. దాని కింద రసమట్టం పెట్టి చూసిన చిన్న దిమ్మె కట్టించాలి. మిషన్ నీళ్ళ గొట్టాన్ని నేల మీద వదిలేయకుండా విడిగా పైపులో పెట్టించడమే మేలు. పంపు ఒక్కసారిగా తోసే నీటిని, బట్టల నూగు పట్టిన జాలీ తట్టుకోలేదు.

అలా పెట్టించాక నేల తూముకు నీళ్ళు సరిగా అందవు. లోపలి ట్రాపులో రెండంగుళాల నీరు నిలిచి ఉంటేనే మురుగు వాసన, బొద్దింకలు పైకి రావు. ఎండాకాలంలో ఆ నీరు త్వరగా ఆవిరైపోతుంది. వాసన రాగానే పైపు పగిలిందేమోనని ప్లంబర్‌ను పిలిచేస్తారు. ముందు ఓ రెండు చెంబుల నీళ్ళు పోసి చూడండి. వారానికోసారి జాలీ ఎత్తి నూగు తీసేటప్పుడు కూడా అలాగే పోయండి.